సీసాలు ఏ దిక్కుకు పోతున్నాయి? ప్రభుత్వ విధానం పుట్టే తీరు, బల్లార్షా నుంచి చూస్తే

తెలంగాణ సరిహద్దు పక్కనున్న మహారాష్ట్ర ఊరు బల్లార్షాలో ఉండేవాళ్లకు ఎక్సైజ్ చట్టం తెలుసుకోవడానికి గెజెట్ చదవాల్సిన పని లేదు. సీసాలు ఏ దిక్కుకు ప్రయాణం చేస్తున్నాయో చూస్తే చాలు. 1995 జనవరి నుంచి 1997 దాకా ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం ఉన్న రోజుల్లో అవి ఇక్కడి నుంచి దక్షిణానికి పోయేవి. మాణిక్‌గఢ్, విరూర్, మకూడి దాటితే సిర్పూర్ టౌన్, అంటే రాష్ట్రం మారినట్టే. 2015 ఏప్రిల్ 1న మా చంద్రపూర్ జిల్లాకు దారూబందీ, అంటే మద్యనిషేధం, వచ్చింది. ఇక అవే పట్టాల మీద సీసాలు ఉత్తరానికి రావడం మొదలైంది. 2021లో నిషేధం ఎత్తేశాక ఆ రాకపోకలు సద్దుమణిగాయి.

స్టేషను పేరు బల్లార్షా, ఊరి పేరు బల్లార్‌పూర్. బొగ్గు గనుల కోసం, పేపరు మిల్లు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు చాలామంది. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజార్లో హిందీ. నేను పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పరిపాలనా శాస్త్రం చెబుతాను. ‘విధాన నమూనాలు’ అనే పాఠం దగ్గరికి రాగానే వాళ్ల ముఖాల్లో టెన్షన్ కనిపిస్తుంది. అన్నీ పరాయి పేర్లు, సంవత్సరాలు, బాణం గుర్తుల బొమ్మలు. బట్టీ పట్టి రాసేసి వస్తారు. తమ వీధి చివరి దుకాణానికి తాళం పడటానికీ ఈ పాఠానికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. అందుకే ఈసారి పాఠాన్ని తిరగేశాను. ముందు దారూబందీ, ఆ తర్వాతే సిద్ధాంతం.

జరిగింది ఇదీ. మహారాష్ట్రలో నిషేధం జిల్లాల వారీగా వచ్చింది. గాంధీ, వినోబా నివసించిన వార్ధాలో 1975లో. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులూ ఊళ్ల జనమూ పట్టుబట్టిన గడ్చిరోలిలో 1993లో. ఆ రెండు జిల్లాల నడుమ మేము. 2010 డిసెంబరులో పారోమితా గోస్వామి నడిపే శ్రమిక్ ఎల్గార్ సంస్థ పిలుపు మీద ఆడవాళ్లు చిమూర్ నుంచి నాగపూర్‌కు నడిచారు. అసెంబ్లీ శీతాకాల సమావేశాలు అక్కడే జరుగుతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. 2014 అక్టోబరులో ప్రభుత్వం మారింది. మా ఎమ్మెల్యే సుధీర్ ముంగంటివార్ ఆర్థిక మంత్రి అయ్యారు, జిల్లాకు పాలక్ మంత్రి (ఇన్‌చార్జి మంత్రి) కూడా అయ్యారు. 2015 జనవరిలో మంత్రివర్గం సరేనంది. 2019 చివర్లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఈసారి పాలక్ మంత్రి విజయ్ వడెట్టివార్. (ఈ ఇంటిపేర్ల చివరి ‘వార్’ మన ‘వారు’ లాగే వినిపిస్తుంది. ఇటువైపు అలాంటి ఇంటిపేర్లు బోలెడు.) మాజీ ఐఏఎస్ అధికారి రమానాథ్ ఝా అధ్యక్షతన కమిటీ వేశారు. 2021 మే 27న మంత్రివర్గం నిషేధాన్ని ఎత్తేసింది. దొంగ మద్యం, ఆ వ్యాపారంలోకి ఆడవాళ్లూ పిల్లలూ దిగడం, పెరిగిన నేరాలు కారణాలుగా చెప్పింది.

ఆరేళ్లలో ఒకే జిల్లాలో, ఒకే విషయం మీద రెండు నిర్ణయాలు, ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. రెండూ జనం మేలు కోసమే అన్నారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

పుస్తకాల్లో మొదట ఎదురయ్యేది దశల నమూనా. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్వెల్ 1956లో నిర్ణయ ప్రక్రియను ఏడు పనులుగా విడదీశారు. సమాచారం పోగుచేయడంతో మొదలయ్యే ఆ జాబితాలో విధానాన్ని ముగించడం కూడా ఉంటుంది. తర్వాతివాళ్లు దాన్ని ఐదుకు కుదించారు: సమస్య అజెండాకెక్కడం, పరిష్కారాలు తయారుచేయడం, ఒకదాన్ని ఆమోదించడం, అమలు, మూల్యాంకనం. మా కథకు తొడిగి చూస్తే చొక్కా సరిపోయినట్టే ఉంటుంది. పాదయాత్రతో అజెండాకెక్కింది, మంత్రివర్గం ఆమోదించింది, పోలీసులు అమలు చేశారు, ఝా కమిటీ మూల్యాంకనం చేసింది. పరీక్షలో పదికి ఎనిమిది మార్కులు ఖాయం. కానీ 2011లో కాని పని 2015లో ఎందుకైంది? ఈ నమూనా దగ్గర జవాబు లేదు. ఏ పని ఏ వరసలో జరిగిందో చెబుతుందే గాని, దాన్ని ఏది ముందుకు తోసిందో చెప్పదు. పైగా మా దగ్గర వరస కూడా అంత శుభ్రంగా లేదు. అమలు నడుస్తుండగానే సమస్య ఏమిటన్నది మారిపోయింది. మొదట తాగుడు సమస్య, తర్వాత నిషేధమే సమస్య. నా దృష్టిలో దశల నమూనా బీరువాలో అరల లాంటిది. సామాను సర్దుకోవడానికి పనికొస్తుంది, ఆ సామాను ఎవరు కొన్నారో చెప్పదు.

నిర్ణయం తీసుకునేవాడు అన్నీ తూకం వేసి, అన్నిటికంటే మంచిదాన్ని ఎంచుకుంటాడన్న నమ్మకాన్ని దెబ్బతీసింది హెర్బర్ట్ సైమన్. మనిషికి సమయమూ సమాచారమూ బుర్రా అన్నీ కొలతలోనే ఉంటాయి. పని జరిగిపోయేది ఏదో ఒకటి దొరకగానే వెతకడం మానేస్తాడు. 1978లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ తెచ్చిపెట్టిన పనిలో ఇది ముఖ్యభాగం. దీనికి తెలుగులో మాట ఎప్పటి నుంచో ఉంది: సరిపెట్టుకోవడం. చార్లెస్ లిండ్‌బ్లోమ్ 1959లో ఇంకో అడుగు వేసి, ప్రభుత్వాలు విధానాలను కొత్తగా కట్టవు, నెట్టుకొస్తాయి అన్నారు. నిన్నటిదానికి కొంచెం చేరుస్తారు, కొంచెం తీసేస్తారు.

మామూలు ఏడాదుల్లో మద్యం విధానం అచ్చం ఇలాగే ఉంటుంది. మహారాష్ట్రలో ఇప్పటికీ నడుస్తున్నది 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టమే, పేరులో మాత్రమే మార్పు. దాని ప్రకారం తాగాలంటే పర్మిట్ ఉండాలి. బార్ల బోర్డుల మీద ‘పర్మిట్ రూం’ అని ఎందుకు రాస్తారో చాలామందికి తెలియదు, ఇందుకే. నిషేధ చట్టాన్ని రద్దు చేసే ధైర్యం ఎవరికీ లేదు, పాటించే ఉద్దేశమూ లేదు. దాని మీదే మినహాయింపులు పేర్చుకుంటూ వచ్చారు. బార్లో కూర్చున్నవాణ్ణి పర్మిట్ ఎవరు అడుగుతారు? సంస్థలను అధ్యయనం చేసి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ రాతలో ఉన్న నియమం వేరు, వాడుకలో ఉన్న నియమం వేరు అని ఊరికే అనలేదు.

కానీ ఒక్క రాత్రిలో జిల్లా మొత్తానికి తాళం పడటాన్ని లిండ్‌బ్లోమ్ వివరించలేరు. అది నెట్టుకురావడం కాదు, బండిని ఎత్తి పక్క రోడ్డు మీద పెట్టడం.

దానికంటే ముందు ఇంకో చిక్కుంది. అంతకుముందు అన్నేళ్లు ఏమీ జరగకపోవడాన్ని ఏమనాలి? పీటర్ బాక్రాక్, మోర్టన్ బరాట్జ్ 1962లో అధికారానికి రెండో ముఖం ఉందన్నారు. మీటింగులో గెలవడం మొదటి ముఖం. అసలు ఆ సంగతి మీటింగు దాకా రాకుండా చూడటం రెండోది. నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక విధానమే. ఆంధ్ర సారా ఉద్యమం మనందరికీ తెలిసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించేదాకా ప్రభుత్వ కాగితాల్లో సారా అంటే ఆదాయపు పద్దు. ఆడవాళ్లు సారా మీద పాటలు పాడినందుకు, వేలంపాటలు అడ్డుకున్నందుకు అది సమస్య అయింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం. 1980లలో ప్యాకెట్లలో ప్రభుత్వ సారా అమ్మించిన ఎన్టీఆరే ఈ రెండోదాని మీద సంతకం పెట్టారు. మనిషి మారలేదు, సారా మారలేదు. మారింది సారా ఏ పద్దు కిందికి వస్తుందన్న సంగతి.

ఇక నాకు బాగా ఇష్టమైన సిద్ధాంతం దగ్గరికొస్తాను. తెలుగులో ‘కాకతాళీయం’ అంటాం. కాకి వచ్చి వాలడం, అదే క్షణాన తాటిపండు రాలడం. ఒకదానికొకటి కారణం కాదు, కలిసి జరిగాయంతే. 1972లో మైఖేల్ కోహెన్, జేమ్స్ మార్చ్, యోహాన్ ఓల్సెన్ సంస్థల్లో నిర్ణయాలు దాదాపు ఇలాగే జరుగుతాయని చెప్పి, దానికి ‘చెత్తబుట్ట నమూనా’ అని పేరు పెట్టారు. సమస్యలూ పరిష్కారాలూ మనుషులూ అన్నీ ఒకే బుట్టలో పడుతుంటాయి. ఏది దేనికి తగులుకుంటే అదే నిర్ణయం. జాన్ కింగ్‌డన్ ఈ ఆలోచనను వాషింగ్టన్‌కు తీసుకెళ్లి, ఆరోగ్య, రవాణా రంగాల వాళ్లతో 247 ఇంటర్వ్యూలు చేసి, 1984లో మూడు ప్రవాహాల సిద్ధాంతం రాశారు. సమస్యల ప్రవాహం ఒకటి, పరిష్కారాలది ఒకటి, రాజకీయాలది ఒకటి. మూడూ దేని దారిన అది పారుతుంటాయి. ఎప్పుడో ఒకసారి ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కాసేపట్లో మూడింటినీ కలిపి కట్టగలిగినవాడు ఉంటే విధానం మారుతుంది. లేకపోతే కిటికీ మూసుకుంటుంది.

మా దగ్గర పరిష్కారం ఎప్పటి నుంచో సిద్ధంగా ఉంది, పక్క జిల్లాలో 1993 నుంచీ నడుస్తోంది. సమస్యను ఆడవాళ్లు కాళ్లరిగేలా నడిచి నాగపూర్ దాకా మోశారు. కదలనిది మూడో ప్రవాహమే. 2014 ఎన్నికలతో అదీ కదిలింది. ఇక్కడ నన్ను ఆకట్టుకునేది ముంగంటివార్ కూర్చున్న కుర్చీ. మద్యం ఆదాయం పోతుందని అడ్డుపడాల్సింది ఎవరు? ఆర్థిక మంత్రి. ఆ కుర్చీలోకి నిషేధం కోరుతున్న జిల్లా మనిషే వచ్చాడు. గేటు దగ్గర కాపలా ఉండాల్సినవాడి చేతికే తాళం చెవి దొరికింది. కింగ్‌డన్ ఇలాంటివాళ్లను విధాన వ్యాపారులు అంటారు, తిట్టుగా కాదు. తమ పలుకుబడిని, సమయాన్ని ఒక ఆలోచన మీద పెట్టుబడి పెట్టేవాళ్లని అర్థం. గోస్వామి, బంగ్ దంపతులు కూడా ఆ లెక్కలోకే వస్తారు. కాకి ఎప్పుడు వాలుతుందో ఎవరికీ తెలియకపోవచ్చు. తాటిచెట్టు కింద బుట్ట పట్టుకుని నాలుగేళ్లు నిలబడటం మాత్రం కాకతాళీయం కాదు.

ఇదే కిటికీ రెండోవైపూ తెరుచుకుంది. 2019లో ప్రభుత్వం మారడం, 2020లో కరోనా వచ్చి రాష్ట్రాల ఖజానాలు ఎండిపోవడం, లాక్‌డౌన్ సడలించగానే దేశమంతా మద్యం దుకాణాల ముందు క్యూలు. కరోనాకూ మా జిల్లా నిర్ణయానికీ నేరుగా ముడి ఉందని నేననను. కానీ ఆ రోజుల్లో మద్యం ఆదాయం గురించి మాట్లాడటానికి ఎవరూ సిగ్గుపడలేదు.

విధానం కాగితం మీదికి వచ్చాక ఏమవుతుంది? 1973లో జెఫ్రీ ప్రెస్‌మన్, ఆరన్ విల్డావ్‌స్కీ ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. వాషింగ్టన్‌లో మంజూరైన డబ్బు కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఉద్యోగాలుగా ఎందుకు మారలేదు? ఎవరూ అడ్డుపడలేదు, అందరూ మంచివాళ్లే. కానీ ఫైలు దాటాల్సిన చేతులు ఎక్కువ. ఇది లెక్క వేసి చూపిస్తే పిల్లలు ఉలిక్కిపడతారు. పది మెట్లున్నాయనుకోండి. ఒక్కో మెట్టు దగ్గర పని సరిగా జరిగే అవకాశం 90 శాతం. చాలా ఉదారమైన అంచనా ఇది. పదీ దాటే అవకాశం ఎంత? సుమారు 35 శాతం. మెట్లు ఇరవై అయితే 12 శాతం.

మా దారూబందీకి మెట్లు లెక్కపెట్టుకుందాం. ఎక్సైజ్ సిబ్బంది, పోలీస్ స్టేషను, రైల్వే పోలీసులు, చెక్‌పోస్టు, పంచనామాకు సాక్షులు, ల్యాబు, ప్రాసిక్యూటరు, కోర్టు. ఇవన్నీ మన జిల్లాలోవి. వార్ధా నది దాటితే యవత్మాళ్ జిల్లా వణి, అక్కడ దుకాణాలు మామూలే. ఇటు దక్షిణాన తెలంగాణ. రాజ్యాంగం ప్రకారం మద్యం రాష్ట్ర జాబితాలోది. మా జిల్లా నిషేధం కోసం అవతలి రాష్ట్రం తన ఎక్సైజ్ రాబడి వదులుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. అవతల బెల్టు షాపులో కొన్నవాణ్ణి ‘ఎక్కడికి పట్టుకెళ్తున్నావ్’ అని అడిగే పని ఎవరిదీ కాదు.

అమలుకు ఇంకో ముఖం కూడా ఉంది, మైఖేల్ లిప్‌స్కీ 1980లో చూపించింది. ప్రజలకు విధానం అంటే మంత్రి మాట కాదు, వీధిలో ఎదురయ్యే చిన్న ఉద్యోగి ప్రవర్తన. టీచరు, నర్సు, కానిస్టేబులు. వాళ్లకు పని ఎక్కువ, సమయం తక్కువ, సొంత విచక్షణ చాలా ఎక్కువ. ఒకసారి కాగజ్‌నగర్ నుంచి వస్తుంటే స్టేషను బయట సంచులు తనిఖీ చేస్తున్నారు. నా సంచిలో మామిడికాయ పచ్చడి సీసా. కానిస్టేబులు దాన్ని పైకెత్తి వాసన చూసి, మూత పెట్టి, ఏమీ అనకుండా ఇచ్చేశాడు. నా వెనకాల కూలీ మనిషి గోనెసంచి మాత్రం నేల మీద పూర్తిగా బోర్లించారు. కారులో వచ్చినవాళ్లను ఆపలేదు. ఆ కానిస్టేబులుకు ‘పేదవాణ్ణే పట్టుకో’ అని ఎవరూ ఆర్డరు వేసి ఉండరు. రోజుకు ఇన్ని కేసులు చూపించాలి, కారువాడితో వాదన ఎందుకనుకుని ఉంటాడు. అలాంటి వెయ్యి చిన్న నిర్ణయాలు కలిస్తే అదే విధానం. చట్టంలో ఎక్కడా రాయని విధానం.

నిషేధం ఎత్తేయడం సంగతికి వస్తే ఫ్రాంక్ బామ్‌గార్ట్‌నర్, బ్రయన్ జోన్స్ నాకు ఎక్కువ పనికొచ్చారు. 1993లో వాళ్లు చెప్పిందేమిటంటే, విధానాలు చాలాకాలం కదలకుండా ఉండి, ఒక్కసారిగా ఎగిరి దూకుతాయి. ఆ దూకుడుకు రెండు కారణాలు. ఒకటి, ఆ విషయం జనం కళ్లకు కనిపించే బొమ్మ మారడం. రెండు, అది తేలే వేదిక మారడం. దారూబందీ బొమ్మ 2010లో ఏమిటి? చీర కొంగు నడుముకు చుట్టి నడుస్తున్న ఆడమనిషి. 2020 నాటికి? బడి సంచిలో సీసాలు మోస్తున్న పిల్లవాడు. రెండూ నిజమే. ఏ బొమ్మ పత్రిక మొదటి పేజీలో ఉంటే ఆ విధానం గెలిచింది. వేదిక సంగతి ఇంకా తమాషా. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదంది. ఏ అసెంబ్లీ చేయని పని, రోడ్డు ప్రమాదాల పేరుతో కోర్టు నుంచి వచ్చింది. కొన్ని రాష్ట్రాలు వెంటనే ఏం చేశాయో తెలుసా? ఊళ్లలోంచి పోయే రహదారుల హోదానే మార్చేశాయి. దుకాణం కదల్లేదు, రోడ్డు పేరు కదిలింది.

పాల్ సబాటియర్, హాంక్ జెంకిన్స్-స్మిత్ చెప్పిన కూటముల సిద్ధాంతాన్ని పిల్లలు ఇట్టే పట్టుకుంటారు, ఎందుకంటే ప్రతి ఇంట్లో ఆ గొడవ విన్నదే. ఒక విషయం చుట్టూ ఏళ్ల తరబడి రెండో మూడో జట్లు ఏర్పడతాయి. వాటిలో నాయకులే కాదు, అధికారులు, విలేకరులు, డాక్టర్లు కూడా ఉంటారు. జట్టును కలిపి ఉంచేది నమ్మకం. నమ్మకానికి మూడు పొరలు. లోపలి పొర అసలు మారదు. మధ్య పొర చాలా కష్టంగా మారుతుంది. పైపొర, అంటే ఎన్ని చెక్‌పోస్టులు, ఎంత జరిమానా వంటిది, తేలిగ్గా మారుతుంది. అందుకే పదేళ్లకు తక్కువైతే మార్పును అంచనా వేయొద్దంటారు. 2010 పాదయాత్ర నుంచి 2021 దాకా మాకు సరిగ్గా అంత కాలం దొరికింది. పట్టుబడిన దొంగ మద్యం లెక్కలే తీసుకోండి. ఒక జట్టు అంది: ‘ఇంత పట్టుబడిందంటే నిషేధం పారలేదు.’ రెండో జట్టు అంది: ‘ఇంత పట్టుబడిందంటే ఇంకా గట్టిగా అమలు చేయాలి.’ అంకె ఒకటే. కమిటీ ఎన్ని కాగితాలు తిరగేసినా ఈ తగువు తీర్చలేదు, ఎందుకంటే తగువు అంకె మీద కాదు.

ఈ సిద్ధాంతాలన్నిటి మీదా సరిహద్దు జిల్లావాడిగా నాకో ఫిర్యాదుంది. ఇవి ఒక ప్రభుత్వం, ఒక రాజధాని, ఒక అజెండా అన్నట్టు మాట్లాడతాయి. పక్క ఇంటిని పట్టించుకున్నది విస్తరణ సిద్ధాంతమే. ఫ్రాన్సెస్ బెర్రీ, విలియం బెర్రీ 1990లో అమెరికా రాష్ట్రాల్లో ప్రభుత్వ లాటరీలు ఎలా పాకాయో చూశారు. పొరుగు రాష్ట్రాలు పెడితే మన రాష్ట్రమూ పెట్టే అవకాశం పెరుగుతుంది. నేర్చుకుని కావచ్చు, చూసి కాపీ కొట్టి కావచ్చు, మన డబ్బు అటు పోతోందన్న దిగులుతో కావచ్చు. వార్ధా, గడ్చిరోలి చూసి చంద్రపూర్ నిషేధం అడగడం మొదటి రకం. తెలంగాణ దుకాణాలకు పోతున్న డబ్బు చూసి నిషేధం ఎత్తేయమనడం మూడో రకం. జివతి తాలూకాలో రెండు రాష్ట్రాలూ తమవే అనే ఊళ్లు కొన్ని ఉన్నాయి. అక్కడివాళ్ల దగ్గర రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఆ ఆరేళ్లు అక్కడి గడపల్లో ఏ రాష్ట్రపు చట్టం నడిచిందంటారు? నా క్లాసులో ఈ ప్రశ్న వేస్తే ఒక పిల్ల తడుముకోకుండా ‘ఏది తక్కువ ధరకు దొరికితే అది సార్’ అంది.

మా వీధిలో ఒక అక్క ఉంది. అప్పటి పాదయాత్రలో రెండు రోజులు నడిచిన మనిషి. నేను మూడు ప్రవాహాలు, కిటికీ అని వివరిస్తుంటే ఓపిగ్గా విని, ‘పెట్టుమని మేము ఎండల నడిచినం తమ్మీ. తీసేటప్పుడు మమ్ముల ఎవరన్న అడిగిండ్రా?’ అంది. బాక్రాక్, బరాట్జ్ గురించి ఆమెకు చెప్పాల్సిన పని లేదనిపించింది.

ఆమె ఇప్పుడు వేరే కాగితం పట్టుకుని తిరుగుతోంది. మహారాష్ట్రలో ఒక నియమం ఉంది. గ్రామంలోగాని వార్డులోగాని తగినంతమంది సంతకాలు పెట్టి అడిగితే మద్యం దుకాణం మీద రహస్య ఓటింగ్ జరపాలి. బ్యాలెట్ మీద రెండు గుర్తులు: నిలబడ్డ సీసా, పడుకున్న సీసా. జనం దీన్ని ‘ఆడవీ బాట్లీ’ ఎన్నిక అంటారు. పడుకున్న సీసాకు కావలసినన్ని ఓట్లు పడితే దుకాణం మూయాల్సిందే. అక్క నా సంతకం కూడా అడిగింది, పెట్టాను. పెట్టి, ఊరికే ఉండలేక, పక్క వార్డులో దుకాణం ఇక్కడికి ఎంత దూరం అని అడిగాను.

‘రెండొందల అడుగులు’ అంది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని పక్కింటి గేటు తీసింది.